ఉల్లిపొరలో పచ్చచుక్కలు లేవు

మొదట కనిపించేది గాలి బుడగే. నల్లటి మందపాటి అంచు, మధ్యలో తెల్లటి వెలుగు, గీసినంత గుండ్రం. ఎడమకన్ను మూసి, కుడికన్ను అక్షికటకానికి ఆనించిన నీకు గుండె ఒక్కసారి ఎగిరిపడుతుంది. "మేడమ్, కణం దొరికింది!" అని అరుస్తావు. మేడమ్ వచ్చి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, వంగి చూసి, "బుడగమ్మా అది. సూదితో కవర్ స్లిప్‌ని ఓ పక్క మెల్లగా నొక్కు, అదే పోతుంది" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోతారు. వెనకాల ఎవరో కిసుక్కుమంటారు. నవ్వినవాళ్ళ స్లైడులోనూ బుడగే ఉంది, వాళ్ళింకా అడగలేదంతే.

బైపీసీ మొదటి సంవత్సరం. గోదావరి జిల్లాల్లో ఓ పట్టణం, ప్రభుత్వ జూనియర్ కాలేజీ. కడప బండ పరిచిన పొడుగాటి బల్లలు, వాటిమీద ఏ బ్యాచ్ ఒలకబోసిందో తెలియని ఎర్రటి శాఫ్రనిన్ మరకలు. జువాలజీకీ ఇదే గది కాబట్టి గోడవారన అల్మారాలో ఫార్మలిన్ సీసాలు, వాటిలో పాలిపోయిన జలగ, తేలు, బద్దెపురుగు. కిటికీ పక్క చోటు కోసం ప్రతిసారీ తగువే. ఈ మైక్రోస్కోపులకి బల్బుల్లేవు, కింద అద్దం ఉంది. వెలుగు ఎవరికి వాళ్ళు పట్టుకోవాలి. "ఎండ సూటిగా పట్టకండి, కళ్ళు పోతాయి. ఆకాశం వైపు తిప్పండి" అని అటెండర్ బాబాయ్ గుమ్మం దగ్గర స్టూలు మీంచే కేకేస్తాడు. మబ్బు కమ్మిందంటే క్లాసులో సగంమందికి కణాలు మాయం.

బుడగ పోయింది. ఇప్పుడు స్లైడుని వేలితో రవ్వంత ఎడమకి జరుపు. లోపల బొమ్మ కుడికి పారిపోతుంది. పైకి తోస్తే కిందికి దిగుతుంది. కటకాలు బొమ్మని తలకిందులు చేస్తాయని పుస్తకంలో చదివినప్పుడు అది ఒక మార్కు ప్రశ్న. ఇప్పుడది నీ వేళ్ళకి పట్టిన తిక్క. కాసేపటికి చెయ్యే నేర్చుకుంటుంది, బొమ్మ ఎటు కదలాలంటే స్లైడుని దానికి ఎదురు జరపాలని.

అదిగో. ఇటుకలు పేర్చినట్టు అని పుస్తకం అంటుందిగానీ ఇటుకలకి ఇంత మొనదేరిన చివరలు ఉండవు. పొడుగాటి, లేత ఎరుపు గీతల మధ్య ఖాళీ గదులు. ఒక్కో గదిలో ఓ అంచుకి ఒదిగి, కాస్త ముదురుగా, ఓ చిన్న గుండు. కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల్లో చూసి పేరు పెట్టింది దీనికే. దాని స్థానం గమనించు. కణం మధ్యలో లేదు, గోడకి ఆనుకుంది. మధ్యలో ఖాళీగా కనిపించేదంతా రిక్తిక, నీళ్ళ సంచి. అదే కేంద్రకాన్నీ, కణద్రవ్యాన్నీ ఓ మూలకి నెట్టేసింది.

రికార్డు తెరిచి హెచ్‌బీ పెన్సిల్‌తో వెయ్యడం మొదలుపెడతావు. కణకవచం రెండు గీతలు, కేంద్రకం, రిక్తిక. చెయ్యి అలవాటు మీద ఆగకుండా మరో నాలుగు చిన్న కోడిగుడ్డు ఆకారాలు వేసి లోపల అడ్డగీతలు పెడుతుంది. మేడమ్ వేలు సరిగ్గా వాటిమీదే పడుతుంది.

"ఇవేంటమ్మా?"

"హరితరేణువులు మేడమ్."

"కనబడ్డాయా?"

నువ్వు మాట్లాడవు. నీ జతగత్తె నీ తరఫున, "బుక్‌లో ఉన్నాయి మేడమ్" అంటుంది.

"బుక్‌లో ఉంది వృక్షకణం. మీరు చూస్తోంది ఉల్లిపాయ. ఉల్లిపాయ ఎక్కడ ఊరుతుంది?"

"మట్టిలో."

"అక్కడ ఎండ తగులుతుందా? ఎండే లేనిచోట హరితరేణువులు పెట్టుకుని ఏం వండుకుంటుంది? చెరిపెయ్యి. ఏం కనబడిందో అదే వెయ్యి."

పుస్తకంలో పేజీ నిండా రంగుల్లో ఉండే ఆ వృక్షకణం అసలు ఎక్కడా లేదు. ఆకులోంచి హరితరేణువు, ఇంకెక్కడినుంచో గాల్జీ సంక్లిష్టం తెచ్చి, పరీక్షకి పనికొచ్చేలా ఒకచోట కూర్చిన బొమ్మ అది. అందులోని రైబోసోము 20, 30 నానోమీటర్లకి మించదు. వెలుగుతో పనిచేసే మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది. జార్జ్ పలాడే 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప అవి బయటపడలేదు. బొమ్మ అబద్ధమని అననుగానీ, అది చూసినవాళ్ళ లెక్కల మొత్తం. నీ లెక్క నువ్వింకా మొదలుపెట్టలేదు.

మొదలుపెట్టు. స్లైడు తీసి, జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలుని వేదిక మీద పెట్టి చూడు. వంద రెట్ల దగ్గర రెండు మిల్లీమీటరు గడులు కూడా పూర్తిగా పట్టవు. అంటే నీకు కనిపించే ఆ వెలుగు వలయం అడ్డంగా రెండు మిల్లీమీటర్ల లోపు. మళ్ళీ ఉల్లిపొర పెట్టి నిలువునా లెక్కపెట్టు: అయిదో ఆరో కణాలు. భాగిస్తే ఒక్కోటి సుమారు 0.3 మిల్లీమీటరు. మామూలు కంటికి అందీ అందని కొలత. నీ రక్తంలోని ఎర్రకణం వ్యాసం ఏడెనిమిది మైక్రోమీటర్లు. అలాంటివి నలభై వరస కడితే ఈ ఒక్క ఉల్లికణం పొడుగు. ఇంటర్లో కణం గురించి నేర్పే వాక్యాల్లో చాలావాటికంటే ఈ భాగహారం మేలని నా అభిప్రాయం. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్క చూసి ఆ గదులకి పేరు పెట్టాడని అందరికీ తెలుసు. ఆయన కూర్చుని ఘన అంగుళానికి 120 కోట్లకి పైగా గదులుంటాయని లెక్క కూడా కట్టాడన్నది పాఠంలో రాదు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలే. లోపల ఏమీ లేదు కాబట్టి ఉన్నదే వేశాడు.

ఆ మధ్యాహ్నం రెండో గంటకి వరండా కుండీలోంచి రియో ఆకులు కోసుకొస్తాడు బాబాయ్. పైన ఆకుపచ్చ, కింద చిక్కటి ఊదా. గుళ్ళలో, ఆఫీసుల్లో అంచుకట్టుగా పెంచుతారు కదా, అదే. ఆకుని అడ్డంగా చించినప్పుడు కింది వైపు నుంచి పలచగా వేలాడే ఊదాపొర చాలు. ఒక చుక్క నీళ్ళలో పెట్టి కవర్ స్లిప్ వెయ్యి.

ఉల్లిపొర చూసిన కంటికి ఇది పండగే. రంగు వెయ్యక్కర్లేదు, అదే తెచ్చుకుంది. ఆరు పలకల కణాల నిండా ఊదా. మధ్య మధ్యలో పత్రరంధ్రాలు, వాటికి అటూ ఇటూ చిక్కుడుగింజల్లాంటి రెండేసి రక్షక కణాలు, వాటిలో పచ్చచుక్కలు. నువ్వు తలెత్తి చూస్తావు. మేడమ్ నవ్వుతారు. "ఇక్కడ వెయ్యి."

ఇప్పుడు కవర్ స్లిప్‌కి ఒక పక్క చిక్కటి ఉప్పునీళ్ళు ఓ చుక్క వదిలి, రెండో పక్క బ్లాటింగ్ పేపరు ముక్క ఆనించు. కాగితం నీళ్ళు పీలుస్తుంటే ఉప్పునీళ్ళు కిందినుంచి పాకుతాయి. కన్ను తియ్యకు. కాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక కణం మూలలో సన్నటి తెల్లగీత. ఊదా గోడని వదిలింది. ఇంకో మూల వదిలింది. పక్క కణంలోనూ మొదలైంది. ఊదా ముద్ద గుండ్రబడుతూ, ముదురుతూ, చూస్తూండగానే కణం మధ్యకి కుంచించుకుపోతుంది. గోడ మాత్రం ఎక్కడున్నది అక్కడే, ఆరు పలకలూ అలాగే. రిక్తికలోని నీళ్ళు పొరని దాటి ఉప్పు ఎక్కువున్న వైపుకి వెళ్ళిపోయాయి. రంగు దాటలేదు, లోపలే ఉండిపోయి చిక్కబడింది. కణకవచమూ కణత్వచమూ వేరువేరని నువ్వు ఎన్నిసార్లు బట్టీపట్టావో! రెంటికీ మధ్య ఆ ఖాళీ కనబడ్డాక ఇక కలగాపులగం చెయ్యలేవు. ఆ ఖాళీలో ఉన్నది గాలి అనుకుంటావు గానీ, ఉప్పునీళ్ళే. సెల్యులోజ్ గోడ నీళ్ళనీ ఉప్పునీ ఆపదు.

"మాగాయే కదా మేడమ్ ఇది" అంటుంది జతగత్తె. మేడమ్ ముఖం వెలిగిపోతుంది. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో వేస్తే మూడోనాటికి ఊట వస్తుంది. ఆ నీళ్ళు ఎవరూ పొయ్యలేదు, మామిడి ముక్క కణాల్లోంచి వచ్చినవే. ఆ ఉప్పులో పడ్డ సూక్ష్మజీవికీ ఇదే గతి, అందుకే ఊరగాయ ఏడాది నిలుస్తుంది. కణద్రవ్య సంకోచం అన్న పేరు నల్లబల్ల మీదికి అప్పుడు ఎక్కుతుంది, జరిగిందంతా చూశాక.

మంచినీళ్ళు వదిలితే ఊదా మళ్ళీ ఉబ్బి గోడకి ఆనుకుంటుంది. ఆ తర్వాత మేడమ్ సిలబస్‌లో లేని పని ఒకటి చేస్తారు. ఇంకో పొరముక్కని వేణ్ణీళ్ళలో ముంచి తీసి ఇస్తారు. మైక్రోస్కోపులో గోడలున్నాయి, రంగు లేదు. ఊదా అంతా వేణ్ణీళ్ళలో కలిసింది. ఎంత ఉప్పు పోసినా ఏమీ జరగదు. పొర చచ్చిపోయింది. ఏది దాటాలో, ఏది దాటకూడదో ఎంచే పని బతికున్నంత సేపే అన్నమాట. జీవి లక్షణాలు ఏవి అని పాఠం మొదట్లో పెద్ద జాబితా ఉంటుంది. ఈ రంగు నీళ్ళ గ్లాసు ఆ జాబితాలో లేదు, ఉంటే బాగుండేది.

"నీళ్ళు బయటికి తొయ్యడానికి కణానికి ఎంత శక్తి ఖర్చవుతుంది?" అని ఎవరో అడుగుతారు. ఏమీ ఖర్చు కాదు, నీళ్ళు వాటంతట అవే పోతాయి. శక్తి కావాల్సింది ఎదురు నెట్టినప్పుడు. ఆ పత్రరంధ్రం తెరుచుకోవాలంటే రక్షక కణాలు పొటాషియం అయాన్లని లోపలికి చేర్చుకోవాలి. దానికోసం పొరలోని పంపులు పనిచెయ్యాలి. పొటాషియం వెనక నీళ్ళొస్తాయి, కణాలు ఉబ్బి రెండూ విల్లులా వంగి దారి ఇస్తాయి. పంపుకి కట్టే కూలి ఏటీపీ.

ఇక్కడ మేడమ్ ఆగి కిటికీ వైపు చెయ్యి చూపిస్తారు, భీమవరం అటే అన్నట్టు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది అక్కడే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించాడు. ద్రావణంలో ఫాస్ఫేటు ఎంతుంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. కండరాల రసంతో అదే పరీక్ష చేస్తే నీలం రావాల్సిన వేళకి రాలేదు, నెమ్మదిగా తేలింది. పరీక్ష పాడైందని పారబోసే సందర్భమది. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు: ఏదో పదార్థం విరుగుతూ ఫాస్ఫేటుని మెల్లమెల్లగా వదులుతోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో వీళ్ళిద్దరూ విడివిడిగా కనుక్కున్నారు. మన పుస్తకాల్లో ఏటీపీకి మూడు ఫాస్ఫేట్ల బొమ్మ ఉంటుంది, ఆ ఆలస్యం ఉండదు.

వేరు కొనల ప్రాక్టికల్ వచ్చేసరికి ల్యాబులో కిటికీ గట్టు మీద గ్లాసుల వరస. ఒక్కో గ్లాసు మూతిమీద ఒక్కో ఉల్లిపాయ, అడుగు నీళ్ళకి తగిలేలా. బాబాయ్ ముందే పెట్టి వేళ్ళు తెప్పించాడు. పొద్దున్నే కొనలు కోసి, ఆల్కహాలు మూడు వంతులు, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు కలిపిన ద్రవంలో వేశాడు. ఎక్కడి కణం అక్కడే ఆగిపోతుంది దాంతో. నీకు వాచ్‌గ్లాసులో నాలుగు కొనలు అందుతాయి. అసిటోకార్మిన్, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, స్పిరిట్ దీపం మీద కొద్దిగా వెచ్చబెట్టడం. పొగలు రాకూడదు, మరగకూడదు. వెనిగర్ వాసన ముక్కుకి పడుతుంది. కొనలో ముదురు రంగు పట్టిన మిల్లీమీటరు మేరే కావాలి, మిగతాది బ్లేడుతో కోసెయ్యి. కణ విభజన అంతా అక్కడే ఉంది.

కవర్ స్లిప్ మీద వడపోత కాగితం మడిచి, బొటనవేలితో గట్టిగా నొక్కు. పక్కకి జరిగిందో, కణాలు నలిగి నారపీచులా చుట్టుకుంటాయి. గదిలో పట్‌మని చప్పుళ్ళు. ఎవరివో కవర్ స్లిప్పులు పోయాయి. నీది బతికింది.

450 రెట్ల దగ్గర చూస్తే నిరాశే. పుస్తకంలో నాలుగు దశలూ నాలుగు సమానమైన గళ్ళలో ఉంటాయి. ఇక్కడ ఎటు చూసినా గుండ్రటి ఎర్ర కేంద్రకాలు తప్ప ఇంకేమీ లేవు. అంతర్దశ, అంతర్దశ, అంతర్దశ. జరుపుతూ పోగా ఓచోట దారపుండ చిక్కుపడ్డట్టు ఒకటి, ప్రథమ దశ. చాలాసేపటికి రెండు గుంపులు విడిపోయి ఎదురెదురు ధ్రువాల వైపు సాగుతున్న కణం ఒకటి. చలన దశ! నువ్వు ఊపిరి బిగపడతావు, కదులుతుందేమోనని. కదలదు. అది కోసిన పొద్దుటే ఆగిపోయింది.

"సాగదీసి నాలుగు దశలూ వేసెయ్యకండి. ముందు వంద కణాలు లెక్కపెట్టండి, ఏ దశలో ఎన్నున్నాయో రాయండి" అంటారు మేడమ్. విసుగొచ్చే పనే. ఒకరు చూస్తూ చెప్పాలి, ఒకరు గీతలు పెట్టాలి. లెక్క తేలేసరికి అంతర్దశ గడిలో గీతలు కిక్కిరిసి, చలన దశ గడి దాదాపు ఖాళీ. మధ్యాహ్నం ఆర్టీసీ బస్టాండుని ఒక ఫొటో తీశావనుకో. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు వందమంది, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టినవాళ్ళు ఇద్దరు. ఎదురుచూపుకి ఎంతసేపు పడుతుందో, బస్సెక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఒక్క ఫొటోయే చెబుతుంది. చచ్చిన స్లైడులోంచి బతికున్న వేరు కాలాన్ని నువ్వు ఇప్పుడు చదివావు. అంతర్దశని విశ్రాంతి దశ అని కొన్ని గైడ్లు ఇంకా రాస్తున్నాయి. డీఎన్ఏ మొత్తం రెట్టింపయ్యేది అప్పుడే. దాన్ని విశ్రాంతి అనడం పొద్దున్నే లేచి పిండి రుబ్బేవాళ్ళని తీరిగ్గా ఉన్నారనడమే.

జతగత్తె మధ్యస్థ దశ ఒకటి పట్టింది. బాగా నలిగి పరుచుకున్న కణం, క్రోమోసోములు విడివిడిగా పుల్లల్లా. "లెక్కపెట్టు" అంటుంది. లెక్కపెడతావు, పద్నాలుగు. మళ్ళీ, పద్నాలుగు. కంటి రెప్పలు నొప్పెడుతున్నాయి. రికార్డులో మాత్రం చక్కగా 16 అని రాస్తావు, ఉల్లికి అంతే అని పుస్తకంలో ఉంది మరి.

"పదహారు లెక్కపెట్టావా?" మేడమ్ ఎప్పుడొచ్చి వెనకాల నిలబడ్డారో.

"పద్నాలుగే వచ్చాయి మేడమ్. కానీ..."

మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంటారు. మనిషి క్రోమోసోములు ఎన్ని అని అడుగుతారు. 46, ఎవరైనా చెబుతారు. 1923లో థియోఫిలస్ పెయింటర్ అనే అమెరికన్ 48 అన్నాడు. కొన్ని స్పష్టమైన కణాల్లో ఆయనకే 46 కనబడ్డా, చివరికి 48కి మొగ్గాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పుస్తకాల నిండా 48. 1952లో టి.సి. షూ ప్రయోగశాలలో ఉప్పు తక్కువైన ద్రావణం పొరపాటున కలిసింది. నీళ్ళు లోపలికి దూరి కణాలు ఉబ్బాయి, క్రోమోసోములు ఒకదానిమీద ఒకటి పడకుండా విచ్చుకున్నాయి. నువ్వు రియో ఆకులో చూసిందే, తిరగేసి. అంత శుభ్రంగా విచ్చుకున్నవాటిని చూసి కూడా షూ 48 అనే ప్రకటించాడు, ఉండాల్సినవి అన్నే అని తెలుసు కాబట్టి. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జావాలో పుట్టిన జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ లెక్కపెట్టింది లెక్కపెట్టినట్టు రాశారు. మరుసటి ఏడాది అది అచ్చయింది.

"మరి ఇప్పుడు ఏం రాయమంటారు మేడమ్? 14 రాస్తే ఎగ్జామినర్ మార్కులు వేస్తారా?"

న్యాయమైన ప్రశ్నే. బైపీసీ పిల్లల తలమీద నీట్ కత్తి ఎప్పుడూ వేలాడుతుంటుంది. 720లో 360 మార్కులు జీవశాస్త్రానివే, అక్కడ నాలుగు గడుల్లో ఒకటి నింపాలి. ఉల్లికి 14 అని నింపితే ఒక మార్కు ఎదురు పోతుంది. మేడమ్ ఆ సంగతి దాచరు.

"పరీక్షలో 16 రాయి. అది ఎంతోమంది ఎన్నో కణాల్లో లెక్కపెట్టిన సంఖ్య. రికార్డులో మాత్రం 'ఈ కణంలో 14 కనబడ్డాయి' అని రాసి, పక్కన బొమ్మ వెయ్యి. ఎక్కడ ఒకదానిమీద ఒకటి పడ్డట్టు అనుమానంగా ఉందో అక్కడ బాణం గుర్తు పెట్టు."

నువ్వు రబ్బరు తీసుకుంటావు. మళ్ళీ కన్ను ఆనించి సూక్ష్మ సర్దుబాటు మరని అటూ ఇటూ తిప్పుతావు. ఎడమ చివర మందంగా ఉన్న పుల్ల రెండుగా చీలి, ఒకటి పైన మసకేసి, ఒకటి కింద తేలుతుంది. పదిహేను.

"మేడమ్, పదిహేను!"

"పదహారోదాని కోసం అక్కడే తవ్వకు. ఇంకో కణం వెతుకు, ఇంకా ఇరవై నిమిషాలుంది" అంటూ మేడమ్ పక్క బల్లకి వెళ్ళిపోతారు. అక్కడ ఎవరికో గాలి బుడగలో చలన దశ కనబడింది.